ఫిలడెల్ఫియా ఓల్డ్ సిటీలో ఒక్క రోజు: ఏది చూడాలి, ఏది వదిలేయాలి

న్యూజెర్సీలోనో డెలావేర్‌లోనో ఉండే తెలుగు ఇళ్లలో వేసవి వచ్చిందంటే ఈ చర్చ తప్పదు. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చారు. న్యూయార్క్ అయింది, నయాగరా అయింది, బ్రిడ్జ్‌వాటర్ వెంకన్న దర్శనమూ అయింది. ఈ శనివారం ఫిలడెల్ఫియా వెళ్దామా, వెళ్తే ఏం చూద్దాం? ఎవరిని అడిగినా “లిబర్టీ బెల్ చూసి, ఫోటో దిగి వచ్చేయండి” అంటారు. ఆ గంట చూడటానికి అరగంట చాలు. దానికోసం గంటన్నర కారు నడిపి, పార్కింగ్‌కి డబ్బులు కట్టి వెళ్తే పెద్దవాళ్లు పైకి అనకపోయినా లోపల “ఇంతేనా” అనుకుంటారు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. బ్రిటిష్ వలస కాలం నాటి చోట్లు ఓల్డ్ సిటీలో డజనుకు పైనే ఉన్నాయి. అన్నీ ఒక్క రోజులో చుట్టేస్తే సాయంత్రానికి ఏదీ గుర్తుండదు. ఇండిపెండెన్స్ హాల్ లోపలికి టికెట్ దొరికితే మిగతా రోజంతా దాన్ని బట్టి అమర్చుకోండి. దొరక్కపోతే కార్పెంటర్స్ హాల్, క్రైస్ట్ చర్చ్, ఎల్‌ఫ్రెత్స్ యాలీ, ఈ మూడిటితో రోజు గడపండి. టికెట్ దొరకలేదని మొహం వేలాడేసుకోవాల్సిన పనిలేదు, ఆ మూడూ బాగుంటాయి. గట్టిగా డబ్బు పెట్టాల్సింది ఒక్క మ్యూజియానికి మాత్రమే.

ఇండిపెండెన్స్ హాలా, లిబర్టీ బెల్లా?

రెండూ ఎదురెదురుగానే ఉంటాయి, రెండిటికీ ప్రవేశం ఉచితం. బెల్‌కి టికెట్ అక్కర్లేదు కాబట్టి చాలామంది అక్కడితోనే ఆగిపోతారు. ఎవరైనా ఒక్కటే చూడగలిగితే మాత్రం నేను హాల్‌కే ఓటేస్తాను.

పెన్సిల్వేనియా వలస ప్రభుత్వం తన శాసనసభ కోసం 1732లో ఈ భవనం కట్టడం మొదలుపెట్టింది. టవర్‌తో సహా పూర్తయ్యేసరికి 1753 అయింది. కింది అంతస్తులో అసెంబ్లీ రూమ్ అని ఒక గది ఉంటుంది. 1776లో స్వాతంత్ర్య ప్రకటనను ఆమోదించింది ఆ గదిలోనే, 1787లో రాజ్యాంగం రాసుకున్నదీ ఆ గదిలోనే. ఆకుపచ్చ గుడ్డ కప్పిన బల్లలు, కొవ్వొత్తులు, ఈక కలాలు, అంతే. గది పెద్దదేమీ కాదు. అందులో సామాను చాలావరకు ఆ కాలానిదే అయినా, అప్పుడు ఆ గదిలో ఉన్నది కాదు. ముందువైపు ఎత్తు మీద ఉండే కుర్చీ మాత్రం అసలుదే. 1787 సభకు అధ్యక్షత వహించిన వాషింగ్టన్ కూర్చున్నది దాని మీదే. వీపు ఆనే చోట పైన సగం సూర్యుడి బొమ్మ చెక్కి ఉంటుంది. పిల్లలకు ముందే చెప్పి పెడితే గదిలోకి వెళ్లగానే దాన్ని వెతుక్కుంటారు, లేకపోతే టూర్ నడిపే పార్క్ రేంజర్ మాట్లాడుతున్నంతసేపూ ఫోన్ అడుగుతూనే ఉంటారు. బయటినుంచి అందరూ ఫోటో తీసే గోపురం మాత్రం ఆనాటిది కాదు. పాతది శిథిలమైతే తీసేశారు, ఇప్పుడున్నది 1828లో మళ్లీ కట్టింది.

టికెట్ సంగతి. మామూలుగా మార్చి నుంచి డిసెంబర్ దాకా టైమ్ వేసిన టికెట్ ఉండాలి. రిక్రియేషన్ డాట్ గవ్ అనే ప్రభుత్వ సైట్‌లో తీసుకోవాలి, టికెట్‌కి ఒక డాలర్ సర్వీస్ చార్జీ. వేసవి శనాదివారాలవి ముందే అయిపోతాయి కాబట్టి వెళ్లే తేదీ అనుకోగానే ముందు ఇది బుక్ చేయండి, తర్వాత మిగతావాళ్లకి ఫోన్లు చేసుకోవచ్చు. లోపలికి వెళ్లేముందు సెక్యూరిటీ తనిఖీ ఉంటుంది, అరగంట ముందు క్యూలో ఉంటే టెన్షన్ ఉండదు. పెద్ద బ్యాగులు కార్లోనే వదిలేయండి. టూర్ అంతా నిలబడే వినాలి. మోకాళ్ల నొప్పులున్న అత్తయ్యగారో మామయ్యగారో వెంట ఉంటే, మార్కెట్ స్ట్రీట్ మీద ఆరో వీధి దగ్గరున్న విజిటర్ సెంటర్‌లో కాసేపు కూర్చోబెట్టి, బాత్రూమ్ పనులు కూడా అక్కడే ముగించుకుని బయలుదేరండి.

ఇక బెల్. 1752లో లండన్ వైట్‌చాపెల్ ఫౌండ్రీ నుంచి వచ్చింది, పరీక్షకని మోగించగానే పగిలింది. జాన్ పాస్, జాన్ స్టో అనే స్థానికులు దాన్ని కరిగించి 1753లో మళ్లీ పోత పోశారు. బరువు 2,080 పౌండ్లు, అంటే 940 కిలోల పైచిలుకు. మనం ఫోటోల్లో చూసే వెడల్పాటి చీలిక నిజానికి పగులు కాదు, మరమ్మతు. సన్నని పగులు అంచులు ఒకదానికొకటి రాసుకోకుండా ఉండాలని దాన్ని తొలిచి వెడల్పు చేశారు. 1846లో వాషింగ్టన్ పుట్టినరోజుకి మోగించినప్పుడు పైకి ఇంకో సన్నని చీలిక పాకింది. అదీ దగ్గరగా చూస్తే కనిపిస్తుంది. అంతటితో గంట మూగబోయింది. ‘లిబర్టీ బెల్’ అన్న పేరు కూడా 1776 నాటిది కాదు, 1830లలో బానిసత్వానికి వ్యతిరేకంగా పోరాడినవాళ్లు పెట్టింది. ఇవి తెలిసి చూస్తే గంట బాగుంటుంది, తెలియకపోతే గాజు గదిలో ఒక పాత లోహం. క్యూ మరీ పొడుగ్గా ఉంటే బయట చెస్ట్‌నట్ స్ట్రీట్ వైపు కిటికీలోంచి కూడా కనిపిస్తుంది. చిన్నపిల్లలతో మండుటెండలో గంటసేపు నిలబడేకన్నా అదే మేలు.

బెల్ భవనం పక్కనే పైకప్పు లేని గోడలు కనిపిస్తాయి. ఫిలడెల్ఫియా రాజధానిగా ఉన్న 1790లలో అధ్యక్షుడి ఇల్లు అక్కడ ఉండేది. వాషింగ్టన్ తొమ్మిది మంది బానిసలను ఆ ఇంట్లో పెట్టుకున్నాడు. ఆరు నెలలకు మించి ఈ రాష్ట్రంలో ఉంచితే పెన్సిల్వేనియా చట్టం ప్రకారం వాళ్లు స్వేచ్ఛ అడగొచ్చు. అందుకని గడువు రాకముందే వాళ్లను రాష్ట్రం దాటించి మళ్లీ తెచ్చేవాడు. వాళ్లలో ఓనా జడ్జ్ అనే యువతి 1796లో ఆ ఇంట్లోంచి తప్పించుకుని పారిపోయింది, చివరిదాకా దొరకలేదు. స్వేచ్ఛ పేరు పెట్టుకున్న గంటకు ఇంత దగ్గర్లో ఈ కథ ఉండటం వల్ల, ఇక్కడ ఐదు నిమిషాలైనా ఆగాలంటాను. దీనికి టికెట్టూ లేదు, క్యూ కూడా లేదు.

టికెట్ దొరకనివాళ్లకు కార్పెంటర్స్ హాల్

ఇండిపెండెన్స్ హాల్ నుంచి తూర్పుకి నడిస్తే కొద్ది నిమిషాల్లో చెస్ట్‌నట్ స్ట్రీట్‌కి కాస్త లోపలగా ఒక చక్కని ఎర్ర ఇటుక భవనం వస్తుంది. వడ్రంగి మేస్త్రీల సంఘం 1770లో మొదలుపెట్టి కట్టుకున్న సొంత భవనం అది. ఆ సంఘం 1724లో పుట్టింది, భవనం ఇప్పటికీ వాళ్లదే. 1774 సెప్టెంబర్‌లో మొదటి కాంటినెంటల్ కాంగ్రెస్ జరిగింది ఇక్కడే. జార్జియా తప్ప మిగతా పన్నెండు కాలనీల ప్రతినిధులు వచ్చారు. శాసనసభ భవనం ఇస్తామన్నా వద్దని, మేస్త్రీల హాలే చాలన్నారు. ఆ శాసనసభలో అప్పుడు చక్రం తిప్పుతున్నది రాజుతో రాజీ కోరే వర్గం మరి. 1775 డిసెంబర్‌లో స్వాతంత్ర్య పోరాట నాయకుల్లో ఒకరైన బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఫ్రెంచ్ ప్రభుత్వం పంపిన ఏజెంట్‌ను రహస్యంగా కలిసింది ఈ హాల్ మేడ మీదే.

లోపల ఒక్క గదే చూడనిస్తారు. ఆనాటి కుర్చీలు కొన్ని ఉంటాయి. టికెట్ లేదు, తోసుకోవడం లేదు. ఇండిపెండెన్స్ హాల్‌లో గుంపుతో వెళ్లి గుంపుతో బయటికి రావాలి, ఇక్కడ మీ ఇష్టమొచ్చినంతసేపు నిలబడి ప్రశ్నలు అడగొచ్చు. సోమవారం వెళ్లేవాళ్లు మాత్రం తెరిచి ఉంటుందో లేదో ముందు చూసుకోండి.

ఇంకో లాభం కూడా ఉంది. ఇండిపెండెన్స్ హాల్, లిబర్టీ బెల్ ఫెడరల్ పార్క్ సర్వీస్ నడిపేవి, కాబట్టి వాషింగ్టన్‌లో బడ్జెట్ గొడవలొచ్చి ప్రభుత్వం షట్‌డౌన్ అయితే అవీ మూతపడొచ్చు. కార్పెంటర్స్ హాల్, క్రైస్ట్ చర్చ్, ఎల్‌ఫ్రెత్స్ యాలీ, మ్యూజియం ఆఫ్ ది అమెరికన్ రెవల్యూషన్ ప్రైవేటు సంస్థలవి. షట్‌డౌన్ వార్తలు వింటూ బయలుదేరాల్సి వస్తే ఈ తేడా గుర్తు పెట్టుకోండి.

బెట్సీ రాస్ ఇల్లా, ఎల్‌ఫ్రెత్స్ యాలీనా?

రెండూ దగ్గర దగ్గరే, రెండూ పాత ఇళ్లే. ఎక్కువ మంది టికెట్ కొనుక్కుని బెట్సీ రాస్ ఇంట్లోకి వెళ్తారు. మొదటి అమెరికా జెండా ఆమే కుట్టిందని పేరు. ఆ కథ బయటికి వచ్చింది 1870లో, ఆమె మనవడు ఒక సభలో చెప్పినప్పుడు. 1776 నాటి కాగితాల్లో దానికి ఆధారం లేదు. అలాగని ఆమె కల్పిత మనిషి కాదు. 1777లో పెన్సిల్వేనియా నౌకాదళానికి జెండాలు కుట్టినందుకు ఆమెకు డబ్బు చెల్లించిన రికార్డు ఉంది. ఇల్లు చిన్నది, కప్పు తక్కువ ఎత్తు, మెట్లు ఇరుకు. ఎలిమెంటరీ స్కూల్లో ఈ కథ చదివిన పిల్లలుంటే, ఆ కాలపు వేషంలో కూర్చుని కుట్టుపని చేసే బెట్సీని చూసి సంబరపడతారు, అప్పుడు వెళ్లండి. పెద్దవాళ్లే అయితే ఆ మెట్లు అనవసరం.

ఎల్‌ఫ్రెత్స్ యాలీ 1700ల మొదట్లో పడిన సందు. రాళ్లు పరిచిన దారికి అటూ ఇటూ 32 ఇళ్లు, వాటిలో పాతవి 1720ల నాటివి. కంసాలులు, కమ్మర్లు, కుట్టుపనివాళ్లు కింద కొట్టు, పైన కాపురం పెట్టుకుని బతికిన వీధి. నేతలందరూ ఇండిపెండెన్స్ హాల్‌లో ఉంటే ఊరు ఇక్కడ ఉండేదన్నమాట. ఇప్పటికీ ఆ ఇళ్లలో జనం ఉంటున్నారు. తలుపు ముందు మెట్ల మీద కూర్చుని రీల్స్ తీయడం, కిటికీల్లోకి తొంగి చూడటం దయచేసి చేయకండి. నడవడానికి డబ్బు అక్కర్లేదు, 124, 126 నంబర్ల ఇళ్లలో చిన్న మ్యూజియం ఉంది, దానికి కొద్దిపాటి టికెట్. పొద్దున్నే వెళ్తే బాగుంటుంది, మధ్యాహ్నానికి టూర్ గుంపులు వచ్చేస్తాయి. రాళ్ల దారి మీద వీల్‌చైర్, స్ట్రోలర్ తోయడం కష్టం, ఇటుకల ఫుట్‌పాత్ కూడా ఇరుకే.

క్రైస్ట్ చర్చ్, దాని సమాధులు

ఇక్కడ చాలామంది తికమక పడతారు. చర్చి రెండో వీధిలో ఉంది, దాని శ్మశానవాటిక ఆర్చ్ స్ట్రీట్‌లో ఐదో వీధి మూల మీద ఉంది. ఫ్రాంక్లిన్ సమాధి ఉన్నది ఆ శ్మశానవాటికలో. సమాధి పలక మీద ఎప్పుడూ పెన్నీలు పడి ఉంటాయి. పొదుపు గురించి అంత చెప్పిన మనిషి సమాధి మీద చిల్లర ఎందుకు విసురుతారని మా పెద్దాయన ఒకరు అడిగారు. గోదావరి బ్రిడ్జి మీద రైల్లోంచి మనం నాణెం వేసినట్టే అంటే వెంటనే అర్థమైంది, తనూ జేబు తడుముకున్నారు. ఆ సమాధి ఒక్కటే చూడాలంటే లోపలికి టికెట్ కొననక్కర్లేదు, ఆర్చ్ స్ట్రీట్ ఫుట్‌పాత్ మీద ఇనుప చువ్వల్లోంచి బాగా కనిపిస్తుంది.

చర్చికి మాత్రం రుసుము ఇచ్చి అయినా వెళ్లండి. 1727లో మొదలై 1744కి పూర్తయింది, గోపురం 1754ది. తెల్లటి గోడలు, పెద్ద కిటికీల వెలుతురు, కూర్చోవడానికి బల్లలు. తిరిగి తిరిగి అలసిన పెద్దవాళ్లకు ఇంతకంటే మంచి చోటు లేదు. పెన్సిల్వేనియా స్థాపించిన విలియం పెన్‌కు లండన్‌లో బాప్టిజం ఇచ్చిన తొట్టె ఇక్కడే ఉంది. వాషింగ్టన్ కుటుంబం కూర్చున్న చోటు కూడా చూపిస్తారు.

డబ్బు పెట్టే మ్యూజియం ఏది?

పోటీ రెండిటి మధ్యే. మూడో వీధిలో 2017లో తెరిచిన మ్యూజియం ఆఫ్ ది అమెరికన్ రెవల్యూషన్, ఇండిపెండెన్స్ హాల్ ఎదురుగా ఉన్న పార్కు ఉత్తరపు కొసన 2003లో తెరిచిన నేషనల్ కాన్‌స్టిట్యూషన్ సెంటర్. వలస కాలం గురించే వెళ్తున్నారు కాబట్టి మొదటిదే నా ఎంపిక. పన్నుల గొడవ ఎలా యుద్ధమైందో వరసగా చెబుతుంది. రాజు పక్షాన నిలిచినవాళ్లు, స్థానిక ఆదివాసీ జాతులు, బ్రిటిష్ వైపు వెళ్తే విముక్తి దొరుకుతుందని ఆశపడ్డ బానిసలు, వీళ్ల కథలు కూడా దాచకుండా పెట్టారు. యుద్ధకాలంలో వాషింగ్టన్ నివసించిన గుడారం అసలుది ఇక్కడ ఉంది. దాన్ని చూపించడానికి ప్రత్యేకంగా ఒక చిన్న థియేటర్ కట్టారు. తీరిగ్గా చూస్తే మూడు గంటలు పడుతుంది. పైగా ఏసీ ఉంటుంది. జులై మధ్యాహ్నం ఫిలడెల్ఫియా ఉక్కపోత విజయవాడకేమీ తీసిపోదు, ఆ గంటలు లోపల గడపడమే తెలివి.

మీ ఇంట్లో సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూకి సిద్ధమవుతున్నవాళ్లుంటే మాత్రం రెండోదానికి వెళ్లండి. సివిక్స్ ప్రశ్నల్లో అడిగే రాజ్యాంగం సంగతులు అక్కడ కళ్లముందు కనిపిస్తాయి. 42 మంది నిలువెత్తు కంచు విగ్రహాల గదిలో పిల్లలు వాళ్ల మధ్య నిలబడి ఫోటోలు దిగొచ్చు.

ఫ్రాంక్లిన్ కోర్టును మర్చిపోకండి. కోర్టు అంటే న్యాయస్థానం కాదు, బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఇల్లు ఉండిన ముంగిలి. ఆ ఇల్లు 1812లోనే కూల్చేశారు. ఎలా ఉండేదో కచ్చితంగా తెలియక, 1976లో ఆ స్థలంలో ఇంటి ఆకారాన్ని తెల్లటి ఉక్కు చట్రంతో మాత్రం నిలబెట్టారు. ముంగిలి ఉచితం, భూగర్భంలో ఉన్న మ్యూజియానికి చిన్న టికెట్. ఐదో తరగతి దాటిన పిల్లలుంటే అది దండగ కాదు.

మన పెద్దవాళ్లకు చెప్పడానికి రెండు కథలు

అమెరికా చరిత్ర మనకెందుకు అని నాన్నగారు అడిగితే చెప్పడానికి ఇక్కడ రెండు కథలున్నాయి. 1777 సెప్టెంబర్ 26న ఫిలడెల్ఫియాను ఆక్రమించుకుంటూ బ్రిటిష్ దళాలను నడిపించి వచ్చింది కార్న్‌వాలిస్. 1781లో యార్క్‌టౌన్‌లో లొంగిపోయిన ఆయనే తర్వాత గవర్నర్ జనరల్‌గా మన దేశానికి వచ్చాడు. 1792లో టిప్పు సుల్తాన్‌ను ఓడించి సగం రాజ్యం లాగేసుకున్నాడు. అందులో నిజాం వాటాకి వచ్చిన కడప వైపు ప్రాంతాలు 1800లో ఈస్టిండియా కంపెనీ చేతికి పోయి దత్త మండలాల్లో కలిశాయి. రాయలసీమ వాళ్లకు ఈ కథ చెస్ట్‌నట్ స్ట్రీట్‌లో నడుస్తూ చెప్పండి, నడక తెలియదు.

రెండోది డెలావేర్ నది ఒడ్డున చెప్పాలి. 1782లో ఫిలడెల్ఫియా వర్తక నౌకల కాపలాకి పెన్సిల్వేనియా ఒక యుద్ధ నౌకను సిద్ధం చేసింది. దాని పేరు ‘హైదర్ ఆలీ’. బ్రిటిష్ వాళ్లను దక్షిణాదిలో ముప్పుతిప్పలు పెడుతున్న మన హైదర్ అలీ పేరే. ఆ ఏప్రిల్‌లో జాషువా బార్నీ నాయకత్వంలో అది తనకన్నా బలమైన ‘జనరల్ మాంక్’ అనే బ్రిటిష్ నౌకను డెలావేర్ బేలో పట్టుకుంది. ఇదే నదిలోకి 1773 డిసెంబర్‌లో ఈస్టిండియా కంపెనీ టీ మోసుకొచ్చిన ‘పాలీ’ నౌకను సరుకు దింపనివ్వకుండా వెనక్కి పంపేశారు. బోస్టన్ వాళ్లు టీని నీళ్లలో పారబోశారు, వీళ్లు రిటర్న్ కొట్టారు.

ఓల్డ్ సిటీ దాటి

చెట్లన్నా మొక్కలన్నా ప్రాణం పెట్టే అమ్మ ఉంటే, ఇవన్నీ సగానికి తగ్గించి మధ్యాహ్నం స్కూల్‌కిల్ నది పడమటి ఒడ్డున ఉన్న బార్‌ట్రమ్స్ గార్డెన్‌కి తీసుకెళ్లండి. 1728లో జాన్ బార్‌ట్రమ్ అనే రైతు మొదలుపెట్టిన తోట, తిరగడానికి టికెట్ లేదు. ఫ్రాంక్లినియా అనే చెట్టు ఈ కుటుంబం జార్జియా అడవుల్లో కనిపెట్టి, విత్తనాలు తెచ్చి ఇక్కడ పెంచింది. అడవిలో అది ఎప్పుడో అంతరించింది. ప్రపంచంలో ఇప్పుడున్న ఫ్రాంక్లినియాలన్నీ వీళ్లు తెచ్చిన విత్తనాల సంతతే. వేసవి చివర్లో తెల్లగా పూస్తుంది.

యుద్ధాల పిచ్చి ఉన్నవాళ్లకు జర్మన్‌టౌన్‌లో క్లైవ్‌డెన్ అనే రాతి భవంతి ఉంది. 1777 అక్టోబర్ 4న వాషింగ్టన్ సేన ఇందులో దాక్కున్న బ్రిటిష్ సైనికులను బయటికి తేలేక నష్టపోయింది. మామూలు సందర్శకులకు అంత దూరం అవసరం లేదనిపిస్తుంది, అదీగాక ఏడాది పొడుగునా తెరిచి ఉండదు.

రాకపోకలు, కాళ్లు, నెల

ఓల్డ్ సిటీ అంతా చదునుగా, దగ్గర దగ్గరగా ఉంటుంది. హాప్ ఆన్ హాప్ ఆఫ్ బస్సు టికెట్ ఈ చోట్ల కోసమే అయితే కొనకండి, నడకే త్వరగా అవుతుంది. గైడ్‌తో వాకింగ్ టూర్ మాత్రం ఇంగ్లీష్ బాగా అర్థమయ్యేవాళ్లకే పనికొస్తుంది, లేకపోతే దారిలో మీరే గైడ్ అయి తెలుగులో చెప్పుకుంటూ పోవడం నయం. ఎడిసన్ వైపు నుంచి వచ్చేవాళ్లు ట్రెంటన్ దాకా న్యూజెర్సీ ట్రాన్సిట్, అక్కడినుంచి సెప్టా అనే ఫిలడెల్ఫియా లోకల్ రైలు పట్టుకోవచ్చు. ఇద్దరు ముగ్గురైతే అది బాగానే ఉంటుంది. ఐదుగురు దాటితే కారే చవక, విజిటర్ సెంటర్ దగ్గరే భూగర్భ పార్కింగ్ ఉంది.

శాకాహారులకు భోజనం కాస్త ఇబ్బందే. పన్నెండో వీధిలోని రీడింగ్ టెర్మినల్ మార్కెట్ 1893 నుంచి ఉన్న సంత, అందులో ఏదో ఒకటి దొరుకుతుంది. శనివారం మధ్యాహ్నం కూర్చోవడానికి చోటు మాత్రం దొరకదు. ఇంటినుంచి పులిహోర తెచ్చుకుని పార్కు చెట్ల కింద తినడం నేను చూసినంతలో అందరినీ మెప్పించిన ఏర్పాటు.

నెల ఎంచుకునే వీలుంటే సెప్టెంబర్ చివర, అక్టోబర్. అమెరికా స్వాతంత్ర్య దినమైన జులై 4 వచ్చే వారంలో సంబరాలు చూడటానికి వెళ్లొచ్చు గానీ భవనాలు చూడటానికి కాదు. జనవరి, ఫిబ్రవరిలో హాల్‌కి మామూలుగా టికెట్ అక్కర్లేదు, ముందు వచ్చినవాళ్లకు ముందు. చలికి ఓర్చుకోగలిగితే చిన్న గుంపులో వెళ్లి అసెంబ్లీ రూమ్ ముందు తీరిగ్గా నిలబడొచ్చు. అమ్మానాన్నలు వేసవిలోనే వస్తారు కాబట్టి, వాళ్లు విమానం ఎక్కకముందే టికెట్ తీసి పెట్టుకోండి. ఉదయం మొదటి గంటల స్లాట్ అయితే ఎండ ముదిరేలోపు బయటి పనులు అయిపోతాయి.